పేరిచ్చే డ్రైవరు

లోవమ్మను లారీతో గుద్ది చంపినవాడు ఆమె భర్త కుక్కుటేశ్వరరావు. కోర్టు తీర్పులో అలాగే ఉంది. ఆమె కాలువగట్టు మీద ప్రాణం విడిచే వేళకి అతను రైసుమిల్లు షెడ్డులో, ఖాళీ గోనెసంచుల మీద, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఈ సంగతి మిల్లులో అందరికీ తెలుసు. పోలీసులకి ఇంకా బాగా తెలుసు.

అతనిది పిఠాపురం. గుళ్ళో దేవుడి పేరే పెట్టారు. చిన్నతనంలోనే లారీ క్లీనరుగా చేరి, మండపేట చుట్టుపక్కల మిల్లుల్లో తిరిగి తిరిగి, మీసం వచ్చాక లైసెన్సు తెచ్చుకున్నాడు. నేను చెప్పే మిల్లు కాలువ పక్కది. షావుకారు నాగేశ్వరప్రసాద్‌గారు అతన్ని ఏరికోరి పెట్టుకున్నారు. అతనంత నెమ్మదైన డ్రైవరు ఆ దారిలో లేడు. వడ్లబస్తాల లోడుతో వస్తూ బాతుల మంద అడ్డం వస్తే ఇంజను ఆపేసి బీడీ ముట్టించుకునేవాడు. వెనక బస్సువాడు హారన్ కొట్టి చచ్చినా కదిలేవాడు కాదు. స్టీరింగు పట్టిన ఇన్నేళ్ళలో ఒక కోడిపిల్లని కూడా తొక్కలేదు. అయినా లోవమ్మ పోయేనాటికే అతని పేరు మీద మూడు చావులున్నాయి.

మిల్లుల దగ్గర అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. షావుకారి తమ్ముడో, బావమరిదో సరదాకి లారీ తీసి ఎవరినైనా గుద్దితే బండి అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేసేవాడు. కాసేపటికి లైసెన్సు ఉన్న డ్రైవరొకడు స్టేషనుకి వెళ్ళి “నేనే నడిపానండి” అని చెప్పేవాడు. దాన్ని పేరివ్వడం అనేవారు. చేపలమ్మేవాడు చేపలమ్మినట్టు, పేరిచ్చేవాడు పేరిచ్చేవాడు. కుక్కుటేశ్వరరావు ఆ పని మూడుసార్లు చేశాడు. మొదటి రెండుసార్లు జరిమానాతో పోయింది. మూడోసారి బడి నుంచి వస్తున్న ఒక కుర్రవాడు పోయాడు. దానికి ఆరునెలలు రాజమండ్రి జైల్లో ఉండి వచ్చాడు. తిరిగి వచ్చిన రోజు షావుకారుగారు అతనికి కొత్త పంచె పెట్టి, అదే లారీ తాళాలు చేతికిచ్చారు.

ఆ పనిలో అతనికి ఒక నియమం ఉండేది. ఎవరు పోయారని అడిగేవాడు కాదు. శవం వైపు చూసేవాడు కాదు. “చూత్తే నోరు పెగలదండి. చూడకపోతే చెప్పేయొచ్చు,” అని తోటి డ్రైవర్లకి కూడా నేర్పేవాడు.

లోవమ్మ అదే మిల్లులో ఉప్పుడు వడ్లు ఎండబెట్టే కళ్ళంలో పనిచేసేది. ఎండలో సిమెంటు నేల మీద ఆవిరొస్తున్న వడ్లని కాళ్ళతో చాళ్ళు తీస్తూ నడిచేది. నోరున్న మనిషి. “మా ఆయన పట్టుకున్న లారీ చీమనైనా తొక్కదే. పట్టుకోని లారీలే మనుషుల్ని చంపుతాయి,” అనేది. కళ్ళంలో ఆడవాళ్ళు నవ్వేవారు. కుక్కుటేశ్వరరావు కూడా నవ్వేవాడు.

డెబ్భై ఎనిమిదిలో కాలువ అవతలి స్టేషనుకి సుబ్బరామరాజు అనే కొత్త ఎస్సై వచ్చాడు. భీమవరం వైపు మనిషి. ముప్ఫై నిండలేదు. బూట్ల మీద దుమ్ము నిలవనిచ్చేవాడు కాదు. ఎవరి దగ్గరా చెయ్యి చాపేవాడు కాదు. లాకుల వంతెన దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, జోరుగా వచ్చిన ప్రతి లారీనీ ఆపించేవాడు. డ్రైవరు దిగి చెవులు పట్టుకుని గుంజీళ్ళు తియ్యాలి. తీస్తున్నంతసేపూ పాఠం చెప్పేవాడు.

“నీ చేతిలో ఉన్నదేంటయ్యా?”

“స్టీరింగండి.”

“కాదు. ఎదటివాడి ప్రాణం. చెప్పు.”

“ఎదటోడి పేణవండి.”

ఒకసారి కుక్కుటేశ్వరరావు బండి కూడా ఆపాడు. లైట్లు చూశాడు, బ్రేకు తొక్కించాడు, లైసెన్సు తిప్పి చూశాడు. తప్పేమీ దొరకలేదు. “ఇలా ఉండాలి,” అని పక్కనున్న డ్రైవర్లకి చూపించాడు. ఆ రాత్రి అన్నం తింటూ కుక్కుటేశ్వరరావు ఆ మాట భార్యకి మూడుసార్లు చెప్పాడు.

“అలాంటి ఆఫీసర్లు పదిమందుంటే మాలాంటోళ్ళు పేరివ్వక్కర్లేదే,” అన్నాడు.

“పదిమంది దాకా ఎందుకు. నువ్వొక్కడివి మానేస్తే చాలు,” అంది లోవమ్మ.

ఎస్సైగారికి ఒక సరదా ఉండేది. స్టేషనుకి కొత్త జీపు వచ్చింది. దానికి బుల్లిబాబు అని కానిస్టేబులు డ్రైవరు ఉన్నాడు. ఎస్సైగారు అతని దగ్గరే నడపడం నేర్చుకుని, నెల తిరక్కుండా అతన్ని పక్క సీట్లోకి తోసేశారు. లైసెన్సు మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సినవాడు ఆయనే. కాలువగట్టు మీద రెండు ఎడ్లబళ్ళు పక్కపక్కన పట్టవు. ఆ గట్టు మీద హారన్ మోగించుకుంటూ, వెనక ఎర్రదుమ్ము లేపుకుంటూ పోయేవారు. జనం గట్టు దిగి తుమ్మచెట్లు పట్టుకుని నిలబడేవారు.

మిల్లు ఎదురుగా టీ అమ్మే చిట్టియ్యకి ఈ విషయంలో ఒక అభిప్రాయం ఉండేది.

“లారీవోడు గుద్దితే ఆర్నెల్లేశారు కదా. పోలీసోడు గుద్దితే ఏడాది వెయ్యాలి. ఆడు రూలు తెలిసి గుద్దాడు,” అన్నాడు ఒకరోజు.

“ఎవరేత్తారు బాబాయ్ ఏడాది?” అన్నాడు ఒక క్లీనరు.

“మేజిస్ట్రేటు.”

“కేసెవరు రాత్తారు?”

చిట్టియ్య గ్లాసు కడుగుతూ ఆగాడు. “అవును. రాసేవోడు కూడా ఆడే కదా.”

“ఊరుకోండెహె. ఆయన గుద్దడు. రూలు తెలిసినోడు,” అన్నాడు కుక్కుటేశ్వరరావు.

ఆ ఏడు కార్తీకం ముందు కళ్ళంలో మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకున్నారు. కూతురు సత్యకుమారి కాలేజీలో ఇంటర్ చదువుతోంది. క్లాసులో ఎవరో ఆమెని “మర్డర్ల డ్రైవరు కూతురు” అన్నారట. ఆ పిల్ల రెండు రోజులు అన్నం ముట్టలేదు. లోవమ్మ అందరి ఎదుటా మొగుణ్ణి నిలదీసింది.

“ఇంకోసారి స్టేషనుకెళ్ళి పేరిచ్చావంటే పిల్లని తీసుకుని పెద్దాపురం మా అమ్మ దగ్గరికి పోతాను.”

“షావుకారుగారి ఉప్పు తింటన్నాం. నోరు ముయ్యి.”

“ఉప్పు నేనూ తింటన్నాను. నేను ఒళ్ళొంచి పనిచేసి తింటన్నాను. నువ్వు శవాలు మోసి తింటన్నావు.”

అతనికి కోపం వచ్చి, వడ్లు తిరగేసే చెక్క తీసి విసిరాడు. అది ఆమె కాళ్ళ ముందు పడింది. లోవమ్మ ఒక అడుగు వెనక్కి వేసి, “వచ్చేసారి చంపేది నన్నేనా ఏంటి?” అంది. కళ్ళం అంతా నవ్వింది. కాసేపటికి ఆమె కూడా నవ్వేసింది. ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే సైకిలు మీద ఇంటికి వెళ్ళారు.

కార్తీకమాసం వచ్చాక ఒక సోమవారం లోవమ్మ ద్రాక్షారామం వెళ్ళింది. తెల్లవారుజామున గుడి కోనేట్లో స్నానం చేసి, భీమేశ్వరుడి దగ్గర దీపం పెట్టుకుంది. తోడు వెళ్ళినవాళ్ళు రాత్రి దాకా ఉందామన్నారు. మధ్యాహ్నం పూట పని పోతుందని ఆమె ఒక్కతే బయలుదేరింది. మిల్లు గేటు దగ్గర చూపించే ఇత్తడి బిళ్ళ కొంగున ముడి వేసుకుని ఉంది. లాకుల దగ్గర బస్సు దిగి గట్టు మీద నడుస్తోంది. పక్క చేలో కోత కోస్తున్నవాళ్ళకి జీపు హారన్ వినిపించింది. కాసేపు మోగి ఆగిపోయింది. తలెత్తి చూశారు. దుమ్ము కనిపించింది. దుమ్ము తగ్గాక జీపు ముందు నిలబడి ఎస్సైగారు రుమాలుతో చేతులు తుడుచుకోవడం కనిపించింది. వాళ్ళు మళ్ళీ తలలు వంచుకున్నారు.

మిల్లువి రెండు బియ్యం లారీలు అప్పటికి నెలరోజులుగా స్టేషన్లో ఉన్నాయి. పర్మిట్ లేకుండా జిల్లా దాటిస్తుంటే ఎస్సైగారే పట్టుకున్నారు. షావుకారుగారు ఎన్ని విధాల చెప్పించినా వదల్లేదు. ఆ సోమవారం బుల్లిబాబు సైకిలు తొక్కుకుంటూ మిల్లుకి వచ్చి, షావుకారుగారి గదిలో తలుపు వేసుకుని మాట్లాడి వెళ్ళాడు. సాయంత్రానికి ఆ రెండు లారీలూ మిల్లులో ఉన్నాయి.

షావుకారుగారు స్వయంగా షెడ్డులోకి వచ్చి కుక్కుటేశ్వరరావుని లేపారు.

“ఒరే, లే. మొహం కడుక్కో. స్టేషనుకెళ్ళాలి.”

“మన బండేనాండి?”

“మన బండే అనుకో.”

“నడిపిందెవరండి?”

“నువ్వే. పొద్దుపోకముందే లారీ తీసుకుని గట్టు మీదికి వెళ్ళు. బుల్లిబాబు ఉంటాడు. ఎలా పెట్టాలో చెప్తాడు.”

కుక్కుటేశ్వరరావు లేచి సంచుల మీద కూర్చున్నాడు. కళ్ళంలో జరిగిన గొడవ గుర్తొచ్చినట్టుంది. “ఇదే ఆఖరండి,” అన్నాడు.

“భీమేశ్వరుడి మీద ఒట్టు. ఇదే ఆఖరు.”

“మా ఆడదానికి చెప్పకండి.”

“నేనెందుకు చెప్తానురా,” అన్నారు షావుకారుగారు. ఆయనకీ అప్పటికి తెలియదు.

గట్టు మీద తాటాకు చాప కప్పి ఉంది. ఇద్దరు కానిస్టేబుళ్ళు కాపలా ఉన్నారు. బుల్లిబాబు లారీ మెట్టు ఎక్కి కేబిన్లోకి తల పెట్టాడు. మొహం పాలిపోయి ఉంది.

“ఎవరు?” అని అడిగాడు కుక్కుటేశ్వరరావు. అతను అడిగింది నడిపినవాడి గురించి.

“మావోడే. ఎస్సైగారు.”

“ఆయనా?”

“ఆయనే. హారన్ కొట్టాను కదా, తప్పుకోవాలి కదా అంటాడు. నన్ను పేరిమ్మన్నాడు. ఇస్తే నా ఉద్యోగం పోద్ది. అసలు జీపు పేరే బయటికి రాకూడదని చివరికి ఇలా తేలింది. నీకేం పర్లేదులే, ఎవరో ఆడమనిషి. దిక్కూమొక్కూ లేనట్టుంది. ఇంతవరకూ ఎవరూ రాలేదు.”

కుక్కుటేశ్వరరావు రోడ్డు మీదే కళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. బుల్లిబాబు దిగి, చాప దగ్గర నిలబడి చెయ్యి ఊపాడు.

“రా. ఇంకొంచెం. ఎడమకి కొయ్యి. ఇంకొంచెం రా. చాలు, చాలు.”

ముందు చక్రం చాప అంచుకి జానెడు దూరంలో ఆగింది. అంత పెద్ద బండిని అంత ఇరుకు గట్టు మీద అలా పెట్టడం ఇంకొకడి వల్ల కాదు. “బాగా పెట్టావు,” అన్నాడు బుల్లిబాబు. తర్వాత గునపంతో బంపరు మీద రెండు సొట్టలు పెట్టారు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు వచ్చి చూసుకున్నాడు. కుక్కుటేశ్వరరావు అటు తిరిగి, కాలువలో చేపల వల దగ్గర నిలబడ్డ మనిషిని చూస్తూ బీడీ కాల్చుకున్నాడు.

స్టేషన్లో రైటరు అతనికి బల్ల చూపించాడు. టీ వచ్చింది. పాత పరిచయం.

“మామూలేనా?” అన్నాడు రైటరు.

“ఆయ్. నేనే నడిపానండి. జోరుగా వచ్చాను. మనిషి అడ్డం వచ్చింది. బ్రేకు వెయ్యలేకపోయాను.”

రైటరు రాసుకుని చదివి వినిపించాడు. కుక్కుటేశ్వరరావు సంతకం పెట్టాడు. అది ఆరాక రైటరు సొరుగులోంచి ఒక పాతగుడ్డ మూట తీశాడు. చనిపోయిన మనిషి దగ్గర దొరికినవి. రాగి చెంబు, ఆకులో ప్రసాదం, ఒక ఇత్తడి బిళ్ళ.

“ఇది మీ మిల్లు బిళ్ళలాగే ఉందేంటయ్యా. ఎవరిదో చూసి చెప్పు, బంధువులకి కబురు పంపాలి.”

బిళ్ళ మీద పదిహేడు అని ఉంది. మిల్లులో పదిహేడో నంబరు ఎవరిదో అతను చూడక్కర్లేదు. రోజూ పొద్దున్నే అది పొయ్యి గట్టు మీద నుంచి తీసి ఆమె చేతికిచ్చేవాడు. కాసేపు దాన్ని వేళ్ళతో తిప్పాడు. తర్వాత రైటరు ముందున్న కాగితం మీద చెయ్యి వేశాడు.

“ఇది ఇచ్చెయ్యండి,” అన్నాడు.

“ఏది?”

“ఈ కాయితం. ఇది తప్పండి. నేను నడపలేదు.”

రైటరు కాగితం లాక్కున్నాడు. పెనుగులాటలో టీ గ్లాసు పగిలింది. ఆ చప్పుడుకి ఎస్సైగారు లోపల గదిలోంచి వచ్చారు. సంగతి విన్నారు. కుర్చీ లాక్కుని కుక్కుటేశ్వరరావు ఎదుట కూర్చున్నారు. నిజంగానే ఆయన మొహంలో బాధ ఉంది.

“నీ భార్య అని నాకు తెలియదయ్యా,” అన్నారు. “తెలిస్తే ఇంకొకణ్ణి పిలిపించేవాణ్ణి.”

మర్నాడు శ్మశానంలో లోవమ్మ తల్లి సూరమ్మ కట్టెల ముందు అడ్డంగా నిలబడింది. పెద్దాపురం నుంచి చెప్పుల్లేకుండా వచ్చిందా మనిషి. జామీను మీద వదిలిన అల్లుడి చేతిలోంచి కొరివి లాగేసింది.

“నీ చేత్తో దానికి నిప్పొద్దు.”

“నేను చంపలేదత్తా. మిల్లులో పడుకున్నాను. అడుగు, ఎవర్నైనా అడుగు.”

“మరి ఒప్పుకుని సంతకం పెట్టావంట.”

“ఎవరో అనుకున్నానత్తా.”

సూరమ్మ అతని మొహంలోకి చూసింది. “ఎవరో అంటే? ఇంకొకడి పెళ్ళాం అనుకున్నావా?”

అతను కట్టెల దగ్గర నుంచి పక్కకి జరిగాడు. వరసకి మేనల్లుడయ్యే కుర్రవాడొకడు నిప్పు పెట్టాడు. సత్యకుమారి అంతా అయ్యేదాకా ఏడవకుండా నిలబడింది. బస్సు ఎక్కేముందు తండ్రి దగ్గరికి వచ్చింది.

“నాన్నా, ఎవరు నడిపారో కోర్టులో చెప్పు. అది చెప్పేదాకా నన్ను చూడ్డానికి రాకు,” అంది. అమ్మమ్మతో పెద్దాపురం వెళ్ళిపోయింది.

అక్కడి నుంచి అతనికి ఆ ఒక్క పనే మిగిలింది. మిల్లు మానేశాడు. షావుకారుగారు పంపిన ప్లీడరుని గుమ్మంలోంచే పంపేశాడు. కనిపించినవాళ్ళందరితో, “ఎస్సైగారే నడిపారు, నేను కోర్టులో చెప్తాను,” అనేవాడు. టీ కొట్టు దగ్గర చిట్టియ్య ఆ మాట వచ్చినప్పుడల్లా పొయ్యి ఊదుకునేవాడు. కోత కోసినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి సాక్ష్యం అడిగాడు. “దుమ్ములో కనపడలేదు బాబూ,” అన్నారు వాళ్ళు. ఒక ముసలివాడు మాత్రం, “కనపడింది. కానీ రేపు మా అబ్బాయి సైకిలుకి లైటు లేదని పట్టుకెళ్తే ఎవరు విడిపిస్తారు?” అన్నాడు.

వాయిదా దగ్గరపడ్డాక ఎస్సైగారు కబురు పెట్టారు. తిట్టలేదు, కొట్టలేదు. చట్టం చెప్పారు, లాకుల దగ్గర చెప్పినట్టే.

“నిజం చెప్తానంటే నేను కాదనను. అది నీ హక్కు. కానీ నువ్వు మాట మారిస్తే నేను మళ్ళీ దర్యాప్తు చెయ్యాలి. అప్పుడు ఏం తేలుతుందో చూడు. కార్తీకానికి ముందు నువ్వూ నీ భార్యా కళ్ళంలో పోట్లాడుకున్నారు. నువ్వు చెక్క తీసి విసిరావు. ‘వచ్చేసారి చంపేది నన్నేనా’ అని ఆవిడే అంది. ఇరవైమంది విన్నారు. లారీ టైరు గుర్తులు ఆవిడ పక్కనే ఉన్నాయి. పొరపాటున గుద్దితే మూడొందల నాలుగు ఎ. కావాలని తొక్కిస్తే మూడొందల రెండు. రెండేళ్ళతో పోయేది యావజ్జీవం దాకా వెళ్తుంది. ఉరి కూడా వెయ్యొచ్చు.”

“వెయ్యండి,” అన్నాడు కుక్కుటేశ్వరరావు.

ఎస్సైగారు ఆశ్చర్యపోయారు. ఇలాంటి మనిషి దగ్గర ఆ జవాబు వస్తుందని ఆయన అనుకోలేదు. కాసేపు ఆలోచించి బుల్లిబాబుని పెద్దాపురం పంపించారు.

బుల్లిబాబు సత్యకుమారి ఎదుట కూర్చోలేక నిలబడే మాట్లాడాడు.

“నేను పక్క సీట్లోనే ఉన్నానమ్మా. మీ నాన్న కాదని నాకంటే బాగా ఎవరికీ తెలీదు.”

“అయితే అది కోర్టులో చెప్పండి.”

“చెప్పలేనమ్మా. నాకు ముగ్గురు పిల్లలు. నన్ను అడిగితే జీపు ఆ పూట స్టేషన్లోనే ఉందని చెప్తాను. చెప్పమన్నారు.” గొంతు తగ్గించాడు. “ఆయన ఊరికే బెదిరించడం లేదు. కాగితాలు రాయించేశాడు. కళ్ళంలో వాళ్ళ చేత వేలిముద్రలు కూడా వేయించాడు. మీ నాన్న నోరు తెరిస్తే మళ్ళీ బయటికి రాడు.”

“వాళ్ళు వేశారా వేలిముద్రలు? అమ్మతో కలిసి పనిచేసినవాళ్ళు?”

“చెక్క విసిరిన మాట నిజమే కదమ్మా. అంతవరకే అని వేశారు.”

వాయిదా రోజు కోర్టు వరండాలో సత్యకుమారి తండ్రి దగ్గరికి వచ్చింది. ఆమెని చూసి అతను లేచి నిలబడ్డాడు. ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు. చెప్పాల్సిన మాటలు దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడట.

“నాన్నా, నువ్వే నడిపానని చెప్పు,” అంది ఆమె.

అతనికి అర్థం కాలేదు. “నువ్వే కదమ్మా నిజం చెప్పమన్నావు.”

“అప్పుడన్నాను. ఇప్పుడొద్దు.”

“ఉరేత్తే వెయ్యనీమ్మా. అది చెప్పకపోతే నీ మొహం ఎలా చూడను?”

“అమ్మ ఎలాగూ లేదు. నువ్వూ పోతే నేను ఎవరి మొహం చూడాలి?” ఆమె చేతులు జోడించింది. అందరూ చూస్తున్నారని అతను ఆ చేతులు విడదీయబోయాడు. ఆమె విడవలేదు. “అమ్మని నువ్వే చంపావని చెప్పు నాన్నా. నీకు దండం పెడతాను.”

“రేపు నిన్ను అందరూ అంటారు. అమ్మని చంపినోడి కూతురని.”

“అననీ.”

లోపల బంట్రోతు పేరు పిలిచాడు. మేజిస్ట్రేటు నేరం చదివి వినిపించి, ఒప్పుకుంటావా అని అడిగాడు. కుక్కుటేశ్వరరావు బోనులోంచి కూతురి వైపు చూశాడు. ఆమె తల ఊపింది.

“ఆయ్. నేనే నడిపానండి,” అన్నాడు. “జోరుగా వచ్చాను. మనిషి అడ్డం వచ్చింది. బ్రేకు వెయ్యలేకపోయాను.”

నాలుగోసారి చెప్తున్న మాట కాబట్టి ఎక్కడా తడబడలేదు. మేజిస్ట్రేటు పాత కేసులు తిరగేశాడు. ఆయన పెద్దమనిషి, కోపం వచ్చింది. ఇన్ని ప్రాణాలు తీసి మళ్ళీ బండెక్కిన మనిషి మీద జాలి చూపడం తప్పన్నాడు. కట్టుకున్న భార్య కళ్ళ ముందు నడుస్తుంటే గుర్తుపట్టనంత వేగం ఏమిటని అడిగాడు. రోడ్డు మీద నడిచేవాళ్ళ ప్రాణాల కోసం లాకుల దగ్గర ఎండలో కూర్చుని డ్రైవర్లకి బుద్ధి చెప్తున్న సబ్ ఇన్‌స్పెక్టరుగారిని మెచ్చుకున్నాడు. రెండేళ్ళు జైలు వేసి, లైసెన్సు రద్దు చేశాడు.

బయటికి వచ్చాక ఎస్సైగారు సత్యకుమారి దగ్గర ఆగారు.

“చదువుకున్నదానివి. తెలివిగా నడుచుకున్నావు. చదువు మానకు,” అన్నారు.

ఆమె ఆయన బూట్ల వైపు చూస్తూ నిలబడింది. అనడానికి ఆమె దగ్గర ఉన్న ఒక్క మాటా తండ్రి చేత మింగించి వచ్చింది.

ఖైదీని రాజమండ్రి తీసుకెళ్ళాలి. వ్యాను రాలేదు. ఎస్సైగారికి కూడా రాజమండ్రిలో పని ఉంది. జీపులోనే తీసుకెళ్దామన్నారు. బుల్లిబాబు చేతికీ కుక్కుటేశ్వరరావు చేతికీ ఒకే బేడీ వేసి ఇద్దర్నీ వెనక కూర్చోబెట్టారు. స్టీరింగు దగ్గర ఎస్సైగారు కూర్చున్నారు.

జీపు గట్టెక్కి జోరందుకుంది. తుమ్మచెట్లు వెనక్కి పోతున్నాయి. లోవమ్మ పడిపోయిన చోటు వచ్చింది, పోయింది. అక్కడ గుర్తేమీ లేదు. కొంత ముందు ఒక ఆడమనిషి నెత్తిన గడ్డిమోపుతో నడుస్తోంది. గడ్డి చెవుల కిందికి దిగి ఉంది. ఎస్సైగారు హారన్ మీద చెయ్యి పెట్టి అలాగే ఉంచారు. ఆమె తిరగలేదు. జీపు వేగం తగ్గలేదు. కుక్కుటేశ్వరరావు కుడికాలు జీపు నేల మీద బలంగా నొక్కుకుంది. మడమ నుంచి తొడ దాకా బిగుసుకుపోయింది. పక్కనున్న బుల్లిబాబు కాలు కూడా అలాగే నొక్కుకుని ఉంది.

చివరి క్షణంలో ఆమె గడ్డిమోపుతో సహా గట్టు కిందికి దూకింది. గడ్డి కాలువలోకి జారింది. ఆమె లేచిందో లేదో దుమ్ములో కనపడలేదు.

“చూశావా,” అన్నారు ఎస్సైగారు అద్దంలోంచి కుక్కుటేశ్వరరావుని చూస్తూ. “అంతసేపు హారన్ కొట్టినా తప్పుకోదు. మనమెంత జాగ్రత్తగా ఉండి ఏం లాభం?”

జైల్లో రెండేళ్ళు గడపాలి. బయట పిల్ల ఉంది.

“ఆయ్. నిజమేనండి,” అన్నాడు కుక్కుటేశ్వరరావు.